వదిన నాలుక

జూన్ 9, సోమవారం

డ్రిల్లు మాస్టారు కూడా చేను ఇచ్చేశారు.

నారుమడి చూసుకుందామని పొద్దున్నే వెళ్ళాను. అప్పటికే ఆయన చేలో పొక్లెయిన్ దిగి ఉంది. సగం మట్టి పైకి వచ్చేసింది. రొయ్యల చెరువు తవ్వుతున్నారని ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ పక్కన వరసగా ఉన్నవన్నీ అవే.

నిన్నటిదాకా ఆ చెరువులకీ మా పొలానికీ మధ్య మాస్టారి చేను ఉండేది. ఏదో ఒకటి అడ్డం ఉందిలే అని ధైర్యంగా తిరిగాను. ఇప్పుడు అడ్డం మేమే. మా వెనక వదిన పొలం. వదిన అంటే మా ఆయన అక్క.

మాస్టారు నన్ను చూసి గట్టు దిగి వచ్చారు. ఏం చెయ్యనమ్మా, మూడు పంటలు వరసగా గడ్డే వచ్చింది, ఉప్పుకి తట్టుకుంటుందని చెప్పిన విత్తనం కూడా వేసి చూశాను, అన్నారు. నేను మొహం తిప్పుకుని వచ్చేశాను. చిన్నప్పుడు స్కూల్లో నాకు పరుగు నేర్పిన మనిషి. అలా చెయ్యకుండా ఉండాల్సింది. కానీ చేశాను, ఇంకా కోపంగానే ఉంది.

జూన్ 10

చెరువుల ఏజెంటు గొడుగాయన వస్తాడు. ఈ వారంలోనే వస్తాడు. మాస్టారి దగ్గర పని అయిపోయింది కాబట్టి తర్వాత గుమ్మం మాదే.

పొలం నా పేరు మీద ఉంది. అత్తగారు పోయేముందు ఉన్నదాన్ని రెండు ముక్కలు చేసి ఒకటి కూతురికి రాశారు, ఒకటి కోడలికి రాశారు. కొడుక్కి రాయలేదు. ఎవరైనా నవ్వుతూ అడిగితే కాదనలేడని ఆవిడ భయం. ఈ మాట ఎత్తితే మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు. ఆవిడ భయపడింది ఆ నవ్వుకే.

జూన్ 12, గురువారం

ఇవాళ మా తూము వంతు.

మా పిల్లకాలువ మీద ఆరు కుటుంబాలు ఉన్నాయి. పెద్ద కాలువలో పైనుంచి వచ్చే నీళ్ళు ఏటేటా తగ్గుతున్నాయి. వాన ఎప్పుడొస్తుందో వానకే తెలియదు. కాలువలో నీళ్ళు తగ్గేకొద్దీ సముద్రం పోటు లోపలికి ఎక్కి వస్తుంది. అది ఒక పక్క, చెరువుల్లోంచి ఊరే ఉప్పు ఇంకో పక్క. అందుకని తూము పలక ఎత్తే ముందు నీళ్ళు నోట్లో పోసుకుని చూడాలి. మా కాలువకి ఆ పని వదినది.

చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. దోసిలితో నీళ్ళు తీసుకుంటుంది. ఒకసారి పుక్కిలించి ఉమ్మేస్తుంది. రెండోసారి నోట్లో పట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. అప్పుడు ఎవరూ మాట్లాడరు. దగ్గు వచ్చినా ఆపుకుంటారు. వ్యవసాయాఫీసువాళ్ళు ఉప్పు కొలిచే మీటరు ఒకటి ఇచ్చారు కానీ అది మూడు చోట్ల ముంచితే మూడు మాటలు చెప్పింది. వదిన ఒకటే మాట చెబుతుంది. ఎత్తండి అంటుంది, లేదా ఉండండి అంటుంది.

ఇవాళ ఎత్తండి అంది.

నా తృప్తి కోసం నేనూ వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. బాగానే ఉంది. నారుమడికి నీళ్ళు పెట్టుకుని వచ్చాను.

జూన్ 14

ఫోన్‌లో వెదర్ చూడటం మానెయ్యాలి. ఇవాళ ఎన్నిసార్లు చూశానో నాకే సిగ్గుగా ఉంది. అన్నిసార్లూ ఎండే.

జూన్ 17, మంగళవారం

వచ్చాడు.

వాన చుక్క లేకపోయినా చంకలో గొడుగుతో తిరుగుతాడని ఆయనకి ఆ పేరు వచ్చింది. చెరువులవాళ్ళకి పొలాలు లీజుకి కుదిర్చే ఏజెంటు. బెదిరిస్తే బాగుండును, నాలుగు మాటలు తిరిగి అనేదాన్ని. బెదిరించడు. అక్కా అంటాడు. తొందరేం లేదక్కా, ఈ పంట చూసుకోండి, వచ్చే పంట కూడా చూసుకోండి, నేనెక్కడికి పోతాను, అన్నాడు. 

ఇంట్లోకి చూసి, మోటార్ల పని ఎలా ఉంది బావగారూ అని ఆయన్ని పలకరించాడు. ఎలా ఉంటుంది? బ్రహ్మాండంగా ఉంది. ఇదివరకు మా ఆయన పొలాల మోటార్లు బాగుచేసేవారు. ఇప్పుడు చెరువుల్లో గాలి కొట్టే ఏరియేటర్లు బాగుచేస్తారు. పని రెట్టింపయింది. మనింట్లో అన్నం ఆ చెరువుల మీదే ఉడుకుతోంది అని ఒకసారి అన్నారు. 

గొడుగాయన టీ సగం తాగి వదిలేశాడు. మర్యాద తెలియని మనిషి.

జూన్ 20

నారు కొసలు పసుపు రంగుకి తిరిగాయి.

ఎరువుల కొట్టాయన జింకు లోపం అన్నాడు. ఆయన కొట్లో ఏది మిగిలిపోతే ఆ లోపం వస్తుంది మాకు. పురుగు పట్టిందన్నాడు టైలరు. టైలరు పొలం వదిన పొలానికి వెనక ఉంది, ఆయన నారు కూడా ఇలాగే ఉందిట. వదిన ఎండ దెబ్బే అమ్మాయ్, కంగారు పడకు అంది.

కంగారు పడకు అంటే ఎలా ఆగుతుంది.  గిన్నెలు తోమినవే మళ్ళీ తోముతున్నాను.

జూన్ 23, మధ్యాహ్నం

ఆయనతో గొడవ.

ఇచ్చేద్దామా అని అడిగారు. అడిగిన తీరు చూస్తే ఎప్పట్నుంచో నోట్లో నానబెట్టుకున్న మాటలా ఉంది. మీ అక్క ఏమైపోతుంది అన్నాను. మనం తవ్విస్తే మన చెరువు ఉప్పు వదిన పొలంలోకి దిగుతుంది. ఆవిడకి ఉన్నది ఆ పొలం ఒక్కటే. మీ బావగారు పోయాక మగ దిక్కు కూడా లేకుండా ఆవిడే దుక్కి దున్నించుకుంటోంది, ఆవిడే కోయించుకుంటోంది. ఆవిడ నోట్లో మట్టి కొట్టి నేను సంతకం పెట్టను అన్నాను.

అక్కని అడిగావా అన్నారు.

ఇది అడిగే విషయమా అన్నాను. చెంబు కొంచెం గట్టిగానే కింద పెట్టాను. ఆయన టూల్స్ సంచీ తగిలించుకుని చెరువుల వైపు వెళ్ళిపోయారు.

జూన్ 26, గురువారం

మా పెద్దకూతురు వచ్చింది. హాస్టల్‌కి ఇరవై రోజులు సెలవులు. చిక్కిపోయింది. అక్కడ తిండి బాగాలేదేమో అనుకుని పిల్ల వచ్చీ రాగానే టీ పెట్టి ఇచ్చాను.

ఒక్క గుక్క తాగి మొహం అదోలా పెట్టింది. అమ్మా, ఇందులో పంచదార బదులు ఉప్పు వేశావా అంది. మతిపోయిందేమో అనుకుని నేను తాగి చూశాను. బాగానే ఉంది. ఆయన తాగి చూశారు, బాగానే ఉంది. హాస్టల్‌కి వెళ్ళి దొరసాని అయిపోయావే అని నవ్వాం. అదీ నవ్వింది కానీ టీ తాగలేదు.

భోజనాల దగ్గర అన్నం కూడా ఉప్పగా ఉందంది. ఒట్టి అన్నం. కూర కలపక ముందే. మంచినీళ్ళు తాగి, అమ్మా ఇవి కూడా అంది. అప్పుడు నవ్వలేదు ఎవరం.

మేం మా చేతిపంపు నీళ్ళే తాగుతాం. ఎప్పట్నుంచో అవే. పిల్ల ఆర్నెల్లు బయట ఉండి వచ్చింది. మేం ఇక్కడే ఉన్నాం. నీళ్ళు రోజుకి ఇంత అని ఉప్పెక్కాయి, వాటితోపాటే మా నాలుకలూ అలవాటు పడ్డాయి. గొడుగాయన టీ ఎందుకు వదిలేశాడో ఇప్పుడు తెలిసింది. ఆయన పై ఊరి మనిషి.

ఇది రాస్తుంటే ఇంకొకటి తట్టింది.  వదిన కూడా వాళ్ళ పంపు నీళ్ళే తాగుతుంది.

జూన్ 27, ఉదయం

పిల్లని తీసుకుని వదిన ఇంటికి వెళ్ళాను. చూడటానికి వచ్చిందని చెప్పాను. వదిన దాని బుగ్గలు నొక్కి, ఎముకలు తేలిపోయావే తల్లీ అని లోపలికి తీసుకెళ్ళింది. దాహం వేస్తోందత్తా అంది పెద్దది. నేను నేర్పిన మాటే. వదిన పంపు కొట్టి గ్లాసు నింపి ఇచ్చింది.

పిల్ల తాగింది. మింగడానికి దానికి చాలా కష్టమైంది. నా వైపు చూసి కొంచెం తల ఊపింది. మా ఇంటి నీళ్ళకన్నా ఘోరంట. దారిలో చెప్పింది.

వదిన ఇంకో గ్లాసు నింపుకుని గటగటా తాగింది. మన నీళ్ళకి ఏ నీళ్ళూ సాటి రావు అంది.

జూన్ 28

ఎల్లుండి అనుకున్న తూము వంతు రేపటికి జరిగింది. మిగిలిన నారుకి ఇదే ఆఖరి ఆశ. రేపు వదిన దోసిలి పడుతుంది, కళ్ళు మూసుకుంటుంది, ఎత్తండి అంటుంది. ఆరుగురం ఎత్తుకుంటాం. నారు మొత్తం మాడిపోతుంది.

ముందే ఇంటికి వెళ్ళి చెప్పేద్దామని రెండుసార్లు బయల్దేరాను. ఏమని చెప్పాలి? వదినా, మీ నాలుక పోయింది అనా? పెళ్ళికీ చావుకీ ఎవరూ ఆవిడ సలహా అడగరు. మొగుడు పోయిన మనిషిని వెనక వరసలో కూచోబెడతారు. తూము దగ్గర మాత్రం ఆవిడ నోరు విప్పేదాకా అందరూ నిలబడతారు.

ఆయనకి చెప్పాను.  అక్కకి నువ్వే చెప్పాలి, నా వల్ల కాదు అన్నారు. మా అత్తగారు పొలం నా పేరున ఎందుకు రాశారో ఇంకోసారి అర్థమైంది.

జూన్ 29, ఆదివారం

నేనూ పెద్దదీ అందరికన్నా ముందు తూము దగ్గరికి వెళ్ళాం. దాన్ని నీళ్ళు చూడమన్నాను. ఉప్పగా ఉంటే ఏదో ఒక సాకు చెప్పి వంతు వాయిదా వేయిద్దామని నా ప్లాను. మెట్టు విరిగిందనో, పలక జామ్ అయిందనో. పిల్ల దోసిలి పట్టి నోట్లో పోసుకుంది, వెంటనే ఉమ్మేసింది. వెనక్కి తిరిగేసరికి వదిన నిలబడి ఉంది.

ఎప్పుడూ లేనిది ఇవాళే తొందరగా వచ్చింది. ఆవిడ వెనకే టైలరు, మిగతావాళ్ళు.

ఏమే, ఎలా ఉన్నాయి అని పిల్లని అడిగింది. నవ్వుతూనే అడిగింది. పిల్ల నా వైపు చూసింది. నేను కాలువ వైపు చూశాను. నువ్వు చూసి చెప్పత్తా అంది పిల్ల.

వదిన చీర కుచ్చిళ్ళు దోపుకుని మెట్టు దిగింది. పుక్కిలించింది, ఉమ్మింది. రెండో దోసిలి నోట్లో పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎప్పటికన్నా ఎక్కువసేపు ఉంది. ఉమ్మి, మూడో దోసిలి తీసుకుంది. మూడో దోసిలి తీసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. టైలరు పలక మీద చెయ్యి వేశాడు. 

వదిన కళ్ళు తెరిచి, ఎవర్నీ చూడకుండా, నిజం చెప్పవే తల్లీ అంది.

సముద్రంలా ఉన్నాయత్తా అంది పిల్ల. ఏడుపు గొంతుతో అంది.

వదిన మెల్లిగా మెట్టెక్కింది. ఎత్తకండి అంది. తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. ఇక మీదట నన్ను అడక్కండి, నాకు తెలియట్లేదు అని చెప్పి ఇంటికి వెళ్ళిపోయింది. ఒక్కతే.

టైలరు పలక మీద చెయ్యి తీసేసి ఇంటి దారి పట్టాడు, మిగతావాళ్ళు కూడా. తిట్టినా బాగుండేది.

జూలై 2

మాటలు ఇవాళ మొదలయ్యాయి. ఎప్పట్నుంచి తెలియట్లేదో మరి అని టైలరు అన్నాడుట. పోయిన పంట కూడా అందుకే పోయిందేమో అని ఇంకొకరు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ నాలుకలు మాత్రం ఏ దేశంలో ఉన్నాయి? వాళ్ళెవరూ నీళ్ళు ముట్టుకుని చూడలేదా? నేను చూశాను. నాకూ తెలియలేదు.

పెద్దది రోజూ అత్త ఇంటికి వెళ్తోంది. తలుపు తీస్తోందిట కానీ మాట్లాడట్లేదుట.

జూలై 4

వాన లేదు. నారుమడి గచ్చులా ఉంది. నడిస్తే చప్పుడవుతోంది. మట్టి మీద తెల్లగా పొర కట్టింది.

జూలై 6, ఆదివారం

వదిన వచ్చింది. పొద్దున నేను బీన్స్ తరుగుతుంటే వచ్చి వంటింటి గడప దగ్గర కూచుంది. నా ముందున్న చేట లాక్కుని ఈనెలు తియ్యడం మొదలుపెట్టింది. 

తల ఎత్తకుండా, గొడుగాయనకి కబురు చెయ్యి, సంతకం పెట్టెయ్యి అంది.

నాకు చాలా కోపం వచ్చింది. ఎందుకో తెలియదు కానీ చాలా వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరి కోసం పట్టుకుని కూచున్నాను వదినా, మీ కోసం కాదా, మా పొలం చెరువైతే మీ పొలం ఏమవుతుందని కాదా, ఇంట్లో మొగుడితో గొడవలు పడింది మీ కోసం కాదా, అన్నాను. గట్టిగానే అన్నాను.

వదిన చేతిలో బీన్స్ కాయ ఆగిపోయింది. నా కోసమా అంది.

గొడుగాయన వదిన దగ్గరికి రెండేళ్ళ కిందటే వచ్చాడుట. అటు రోడ్డు వైపు నుంచి కూడా చెరువులు మొదలుపెడదామని. వదిన కర్ర పుచ్చుకుని తరిమిందిట. నేను తవ్విస్తే మీరు మధ్యలో నలిగిపోతారని, ఆడపిల్ల చదువుకుంటోందని, తమ్ముడు ఎలాంటివాడో తెలుసు కదా అని. అంతే తప్ప ఆ బురద మీద నాకేం మోజు లేదే, మోకాళ్ళు అరిగిపోయాయి, అప్పుడే ఇచ్చేసి ఉంటే హాయిగా కూచునేదాన్ని, అంది.

నవ్వొచ్చింది. ఇద్దరికీ వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వాం. ఏడుపు తర్వాత వచ్చింది, అది నాకు ఒక్కదానికే వచ్చింది.

ఒకటి రాయాలి. నాకూ ఇచ్చెయ్యాలనే ఉంది. మాస్టారి చేలో పొక్లెయిన్ దిగిన రోజు నుంచీ ఉంది. ఇక్కడ కూడా రాసుకోలేదు, వదిన పేరు చెప్పుకుని తిరిగాను. ఈ భయం ఇంక మోయలేను. పొద్దున లేచి ఆకాశం చూడటం, మట్టి చూడటం, ఇంక నా వల్ల కాదు.

జూలై 7

ఇప్పుడు కొత్త పేచీ. ముందు ఎవరు? ముందు తవ్వించినవాళ్ళు రెండోవాళ్ళ పొలం చెడగొట్టినట్టే కదా. ఆ పాపం నాకు తగలనీ, మాది ముందు అంటుంది వదిన. మీకెందుకు, మాది ముందు అంటాను నేను. ఆయన విని, మీరిద్దరూ ఒకేరోజు సంతకాలు పెట్టి చావండి అన్నారు. పెళ్ళయ్యాక ఆయన అన్న మొదటి పనికొచ్చే మాట.

జూలై 10, గురువారం

ఐస్ ఫ్యాక్టరీ మేడ మీద గొడుగాయన గది. ఫ్యాను కటకటమంటోంది. నేను సంతకం పెట్టాను, వదిన పెట్టింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని పెట్టింది.

పెట్టేముందు ఒకటే అడిగింది. లీజు అయిపోయాక మళ్ళీ వరి పండుతుందా బాబూ అని. ఎందుకు పండదు, రెండు పెద్ద వానలు పడితే ఉప్పంతా కడుక్కుపోతుంది అన్నాడు. గొడుగు మడత సర్దుకుంటూ అన్నాడు. అబద్ధమని ఆయనకి తెలుసు, మాకూ తెలుసు.

బయటికి వచ్చాక ఒళ్ళు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. ఇంటికి వచ్చి తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను.

జూలై 13

జాకెట్టు కోసం టైలరు షాపుకి వెళ్ళాను. మిషను మీద నుంచి తల ఎత్తలేదు. ఇంకా కుట్టలేదు అన్నాడు. నా జాకెట్టు ఆయన వెనకే హ్యాంగరుకి వేలాడుతోంది. హుక్కులతో సహా అయిపోయింది.

ఆయన పొలానికి ఇప్పుడు ఏ అడ్డమూ లేదు.  వచ్చేస్తూ డ్రిల్లు మాస్టారి ఇంటికి వెళ్దామనుకున్నాను. వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను.

జూలై 15

పెద్దది హాస్టల్‌కి వెళ్ళిపోయింది. నిజం చెప్పకుండా ఉండాల్సిందా అమ్మా అని బస్సెక్కే ముందు అడిగింది. ఛ, అదేం మాట, అన్నాను. బస్సు కదిలేదాకా దాని చెయ్యి వదల్లేదు. సెలవులకి మళ్ళీ వచ్చేసరికి ఏం చూస్తుందో.

జూలై 19

పొక్లెయిన్ వచ్చింది. ముందు ఎవరిది అని డ్రైవరు పైనుంచి అరిచాడు. మాది అన్నాను. మాది అంది వదిన. ఇంజను హోరులో వినపడలేదు కాబోలు, మళ్ళీ అడిగాడు.

వదిన మా రెండు పొలాల మధ్య గట్టు వైపు చెయ్యి చూపించింది. నేనూ అటే చూపించాను.

గట్టు పోవడానికి టీ తాగినంతసేపు కూడా పట్టలేదు.

వదిన రోజూ మా ఇంటికి వచ్చేది ఆ గట్టు మీదుగానే. సాయంత్రం రోడ్డు వెంట చుట్టూ తిరిగి ఇంటికి వెళ్ళింది.